గ్రామచరిత్రములు – దున్నినవాని పేరు

ఒక గ్రామమునకు చరిత్రము వ్రాయబూనినవాడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, ఈ నేల యెవరిది? అనునది. రెండవ ప్రశ్న దాని నంటియే యుండును: ఈ నేలను దున్నినవారెవరు? ఈ రెండు ప్రశ్నలకును ఒకే ప్రత్యుత్తరము వచ్చు గ్రామములు మన దేశమున నరుదు. ఆ రెండు ప్రత్యుత్తరములకును నడుమనున్న దూరమే గ్రామచరిత్రమునకు ముఖ్యవస్తువు. కాని మన గ్రామచరిత్రకారులు మొదటి ప్రశ్నకు సగము ప్రత్యుత్తరమిచ్చి, రెండవదాని నడుగకయే గ్రంథము ముగించుచున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల భూచరిత్రమును తెలుపు వ్రాతలను దగ్గఱ నుంచుకొని యీ లోపమును విమర్శించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నేలను చూతము. నిడదవోలునుండి తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరు గోదావరి కాలువ యీ సీమను ఇంచుమించుగా రెండు పాళ్ళు చేయుచున్నది. కాలువ కుత్తరమున మెట్ట. ఎఱ్ఱనేలలు, చెఱువుల క్రింది సేద్యము. దక్షిణమున పల్లము, నల్లనేలలు, వరిచేలు. ఏలూరునకు దక్షిణమున కొల్లేరు. కృష్ణాగోదావరులు రెండును తమ మేటలను ఇరువైపుల పేర్చుకొనుచు సముద్రముమీదికి సాగగా, నడుమ పూడక మిగిలిన గిన్నె యిది. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు మొదలగునవి దీనిలో పడును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు చేర్చును. వానకాలమున నిది సరస్సు. వేసవిలో చాలమేర బీడు. సముద్రమట్టమునకు పదియడుగుల యెత్తువఱకు లెక్కించిన దీని వైశాల్యము 901 చదరపు కిలోమీటర్లు, అయిదడుగుల యెత్తువఱకైన 308, మూడడుగులవఱకైన 135. ఒకే కొల్లేరు మూడు కొలతలకు మూడు కొల్లేళ్ళగుచున్నది. ఈ అంకెల నడుమనున్న భూమి యెవరిదను వివాదమే యిచటి యేబదియేండ్ల చరిత్రము.

ఈ ప్రాంతపు గ్రామనామములే మంచి భూగోళశాస్త్రము. నీటినడుమ మెరకనున్న యూరు లంక, చౌటి పల్లము పర్రు, ప్రక్కపాయ కోడు, ఏరు వాక. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, మొండికోడు అను పేళ్ళను పెట్టినవారు పండితులు కారు. ఏ నేల యెన్నినెలలు మునుగునో యెఱిగిన పల్లెవారు. అట్టి పేళ్ళకు సంస్కృతపు ముసుగువేసి, యేదో ఋషి యిచట తపస్సు చేసెననియో, ఏదో రాక్షసుడు చచ్చెననియో చెప్పుట మన గ్రామచరిత్రముల మొదటి దోషము. ఏలూరును హేలాపురి యనినంత మాత్రమున తమ్మిలేటి వఱద తగ్గదు. పేరునందు పదిలముగ నున్న సత్యమును పురాణముతో కప్పివేయువాడు, చరిత్రమును వ్రాయుచునే దానిని చెఱుపుచున్నాడు.

భూమిని గూర్చిన వ్రాతలకు ఈ సీమలో కొదువలేదు. ఏలూరునకు దాపుననున్న పెదవేగియే పూర్వపు వేంగీపురము. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పుచాళుక్యులు భూదానములు చేసి రాగిరేకులపై వ్రాయించిరి. వానియందు దానముపట్టిన బ్రాహ్మణునకు పేరు, గోత్రము, తండ్రితాతల పేళ్ళు, చదివిన వేదశాఖయు నున్నవి. భూమికి నాలుగు దిక్కుల పొలిమేరలున్నవి. పుట్టయు, చెట్టును, గుంటయు గూడ సాక్ష్యము పలుకును. చాళుక్యుల శాసనములలో రాజు రాష్ట్రకూటులు మొదలగు గ్రామకుటుంబుల నందఱను పిలిచి దానమును తెలియజేయుట సంప్రదాయము. ఆ కుటుంబులే నేలను సాగుచేయువారు. వారందఱును ఒక్క బహువచనమునందే యిమిడిపోయిరి. పొలిమేరయందలి చెట్టునకు దొరకిన చోటు పొలములోని మనుష్యునకు దొరకలేదు.

తరువాత చెప్పదగినవి కైఫీయతులు. వీనికిని ఏలూరునకును దగ్గఱి చుట్టఱికము కలదు. స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమునందు పుట్టి, కుంపిణీ కొలువున సర్వేయరుగా వచ్చిన కాలిన్ మెకంజీ దక్షిణదేశపు చరిత్రసామగ్రిని ప్రోగుచేయ నారంభించినపుడు, ఆయనకు కన్నును చెవియునై నిలిచినవాడు ఏలూరిలో పుట్టిన కావలి వెంకట బొఱ్ఱయ్య. ఆయన 1803లో మిక్కిలి పిన్నవయసుననే మరణింపగా సోదరుడు లక్ష్మయ్య యా పనిని నడపెను. 1821లో మెకంజీయు మరణించెను. 1830 దశాబ్దమున లక్ష్మయ్య తానే యీ పరిశోధనమును సాగింతునని కోరగా, ఒక దేశీయు డట్టి కార్యమునకు నాయకుడుగా నుండుటకు కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు సమ్మతింపలేదు. పిమ్మట సి. పి. బ్రౌను దొర నకళ్ళు వ్రాయింపకుండినచో నా కాగితములలో నెన్ని చెదలపాలై యుండెడివో చెప్పజాలము. ఒక తెలుగువాడు తన ప్రజలచరిత్రమును తాను నడపుటకు తగడని యనిపించుకొనిన యా దినమును ఏలూరు జనులు మఱవగూడదు.

కైఫీయతులయందలి వచనమును మన సాహిత్యవిమర్శకులు తగినంత మన్నింపలేదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడుటతో తెలుగు వచనము పుట్టినట్లు మాటలాడువా రున్నారు. అంతకు నలుబదియేబది యేండ్లకు ముందే గ్రామకరణములు, మెకంజీ గుమాస్తాలు యతిప్రాసల యూసులేక, విషయమే ప్రధానముగా పుటలకు పుటలు వచనము వ్రాసిరి. వాక్యమునకు విరామచిహ్నము లేదు. తెలుగుక్రియలకు పారసీకపదములు తగులుకొనియుండును. పరగణా, మోఖాసా, అమానీ, ఫసలీ యను మాటలు అడుగడుగునకును తారసిల్లును. అయినను ఆ వచనమునకు బలము కలదు. చెఱువు తెగిన సంగతి, పాళెగాడు దోచిన సంగతి, క్షామమున నూరు పాడుపడిన సంగతి చెప్పునపుడు దానికి అలంకారములతో పనిలేదు. ఈ గుణమును మెచ్చుకొనక వానిని కేవలము శాసనపరిశోధకులకు విడిచిపెట్టుట మన సాహిత్యమునకు నష్టము.

ఇక దోషము. కైఫీయతు చాలవఱకు కరణముయొక్క దండకవిలెనుండియు, కరణముయొక్క నోటినుండియు వచ్చినది. కావున నది కరణము కన్నులకు కనబడిన గ్రామము. గణపతిదేవుని మంత్రిగా చెప్పబడు గోపరాజు రామన్న నియోగులకు గ్రామమిరాశీ లిచ్చెనను గాథ పెక్కు కైఫీయతులలో మరల మరల వచ్చుట కిదియే కారణము. కరణము తన హక్కునకు పునాది నెన్నడును మఱవలేదు. దేవాలయపు మాన్యమెంత, భట్టవృత్తులెన్ని, కరణీకపు మాన్యమేది, పుట్లెన్ని, కుచ్చళ్ళెన్ని యను లెక్కలు సరిగా నుండును. పుణ్యస్త్రీ పెట్టించిన దీపము, దొర వేయించిన తోట యుండును. మిగిలిన పొలమంతయు పన్ను చెల్లించు నేల యను నొక్క మాటతో ముగియును. ఆ పన్నును ధాన్యరూపమున నెత్తిపై మోసినవారి పేళ్ళు, ఆ ధాన్యమును కోసిన మాలమాదిగల పేళ్ళు, కళ్ళములో పాలిచ్చిన విధము, ఇవి యేవియు నుండవు. కైఫీయతునందు మాన్యము లేనివానికి మాటయు లేదు.

దొరతనమువారి వ్రాతలు దీనికంటె మేలైనవా? మొఘలు పాదుషా 1765లో నిచ్చిన ఫర్మానాతోడను, 1766లో నిజాముతో జరిగిన సంధితోడను ఏలూరు సర్కారు కుంపిణీవారి చేతబడెను. 1802లో శాశ్వతశిస్తు నిర్ణయశాసనము వచ్చెను. వంశపారంపర్యపు జమీందారులకు సన్నదులిచ్చుటయేగాక, హవేలీ గ్రామములను ముఠాలుగా చీల్చి వేలము వేసిరి. పాటలో హెచ్చుగా పాడినవాడు భూస్వామి యయ్యెను. పేష్కషు చెల్లింపలేక పెక్కు సంస్థానములు మరల వేలమునకు వచ్చెను. 1844లో మాంట్‌గొమరీ దొర రాజమహేంద్రవరపు జిల్లా దుస్థితిని గూర్చి నివేదిక వ్రాసెను. 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసెను. నీరు వచ్చుటతో నేలకు వెల వచ్చెను; వెల వచ్చుటతో నేల యెవరిదను ప్రశ్నకు పదును వచ్చెను. హెన్రీ మారిస్ 1878లో గోదావరిజిల్లాకును, గోర్డన్ మెకంజీ 1883లో కృష్ణాజిల్లాకును రచించిన మాన్యువళ్ళలో జమీందారుల వంశావళులు, వ్యాజ్యములు, బాకీలు సవిస్తరముగా నున్నవి. రైతు మాత్ర మచట నొక యంకె. కరణము రైతును మఱచెను. కలెక్టరు రైతును లెక్కించెను. పేరు పెట్టి పిలిచినవా రిద్దఱిలో నొక్కరును లేరు.

ఈ సీమ గ్రామముల చరిత్రమును వెదకువానికి మఱియొక చిక్కు కలదు. ఏలూరు 1859లో గోదావరిజిల్లాలో చేరెను. 1904లో కృష్ణాజిల్లాకు పోయెను. 1925లో పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణమయ్యెను. 2022లో తన పేరనే జిల్లా యయ్యెను. కైకలూరు, కొల్లేటికోట ప్రాంతములు అంతవఱకును కృష్ణాజిల్లాలోనుండి యప్పుడే ఏలూరుజిల్లాలో కలిసెను. తాడేపల్లిగూడెము భీమవరము ముఖ్యపట్టణముగా గల పశ్చిమగోదావరిలో నిలిచెను. నేల కదలలేదు, దస్త్రములు మాత్రము మచిలీపట్టణమునకును, అచటినుండి ఏలూరునకును ప్రయాణము చేసెను. తన తాత యనుభవించిన నేలకు ఋజువు కావలసిన పేదవా డెన్ని కచేరీల గడపలు త్రొక్కవలెను?

ఇచట ఐర్లండుదేశపు దృష్టాంత మొకటి చెప్పుట యప్రస్తుతము కాదు. ఆ దేశమున గ్రామసీమకు టౌన్‌లాండు అని పేరు. అట్టివి సుమారు 60 వేలు కలవు. 1824లో నచట ప్రారంభమైన సర్వేలో జాన్ ఓడొనవన్ అను నైరిష్ పండితుడు ఊరూర తిరిగి, ప్రతిపల్లె పేరునకును అర్థమును పెద్దలవలన విచారించి వ్రాసికొనెను. మన బొఱ్ఱయ్యలక్ష్మయ్యల పనియు నించుమించు నట్టిదే. కాని దాని వెనుక 1847 మొదలు 1864 వఱకు గ్రిఫిత్ దొర నడపిన పన్నుమదింపు గ్రంథములయందు ఒక విశేషము కలదు. ఒక కాలమున నేల ననుభవించువాని పేరు. దాని ప్రక్కకాలమున నతనికి కౌలుకిచ్చినవాని పేరు. తరువాత విస్తీర్ణమును, విలువయును. ఉద్దేశము పన్నే, ధర్మము కాదు. ఐనను ఆ రెండు కాలములు ప్రక్కప్రక్కన నుండుటచేత, ఎంతమంది యెవరి నేలను దున్నుచుండిరో దాచరాని సత్యమై నిలిచెను. 1922లో డబ్లిన్ నగరపు దస్త్రశాల కాలిపోగా పాత జనాభాలెక్కలు చాలవఱకు నశించెను. అప్పుడు ఐరిష్ పేదకుటుంబములకు తమ పూర్వుల జాడ తెలిపినవి యీ పన్నుపుస్తకములే. భార్యల పేళ్ళు, బిడ్డల పేళ్ళు వానిలోను లేవు. అయినను కౌలుదారునకు పేరున్నది. 1881, 1903 సంవత్సరముల భూచట్టములతో నా కౌలుదారులే క్రమముగా భూస్వాములైరి.

మనకును రైతువారీ పద్ధతి వచ్చినపుడు అట్టి సమయము వచ్చెను. అంతకుముందు గోదావరి సీమలో వీసబడి యుండెడిది. గ్రామమునకంతకును ఒక మొత్తము శిస్తు విధింపగా రైతులు తమలో వీసముల ప్రకారము పంచుకొనుచుండిరి. 1860 దశాబ్దమున సర్వే జరిగి, నంబరునకొక పట్టా, పట్టాకొక పేరు ఏర్పడెను. సెటిల్‌మెంటు రిజిస్టరగు డైగ్లాటు నేటికిని మన భూములకు వేదమువంటిది. అందు పట్టాదారు పేరు కలదు. అనుభవదారునకు అడంగలులో ఒక కాలమున్నది. కాని యా కాలములో తఱచుగా పట్టాదారు పేరే మరల వ్రాయబడును. ఐర్లండులో వేఱువేఱుగా నుండిన రెండు పేళ్ళు మనయొద్ద నొక్కటియగుట ధర్మము కుదిరినందువలన కాదు, ఒకటి తుడిచివేయబడినందువలన.

జమీందారీ గ్రామముల సంగతి కూడ నించుక చెప్పవలయును. 1908లో ఎస్టేటు భూమిచట్టము రైతునకు సాగుహక్కు నిచ్చెను. 1938లో ప్రకాశము పంతులుగారి యధ్యక్షతను జరిగిన విచారణ, భూమి రైతుదేగాని జమీందారునిది కాదని తేల్చెను. 1948 నాటి చట్టము జమీందారీలను రద్దుచేసెను. ఇది గొప్ప సంస్కారమే. కాని యందు రైతనగా పట్టాకు యోగ్యుడైనవాడు. జమీందారు సొంత కమతము జమీందారునకే మిగిలెను. రైతు క్రింద కౌలునకు దున్నినవాడు కౌలుదారుగనే మిగిలెను. పాలేరు పాలేరుగనే మిగిలెను. నిచ్చెన పైమెట్టు విఱిగెను; క్రిందిమెట్టుపైనున్నవాని కాలు నేలనే యున్నది.

ఈ విషయమంతయు కొల్లేటియందు ముదిరిన రూపమున కనబడును. నీరు దిగినపుడు తేలు భూమి; నీరెక్కినపుడు మునుగు భూమి. లంకలలోని వడ్డికులపు మత్స్యకారులు తరతరములుగా వానకాలమున వలతోను వేసవిలో నాగటితోను బ్రదికిరి. వారి యనుభవమునకు ఋతువులే కవిలె. సర్వేవారు వచ్చి యొక నేలను జిరాయితీ యనిరి. ఒకదానిని పోరంబోకు అనిరి. ఒకదానికి డి-పట్టా లిచ్చిరి. 1970 దశాబ్దమున మత్స్యకారులకును హరిజనులకును సహకారసంఘములు పెట్టి సరస్సుగర్భమున చేపలచెఱువు లిచ్చిరి. ఉద్దేశము మంచిది. కాని చెఱువు త్రవ్వుటకు, మేతవేయుటకు పెట్టుబడి కావలెను. పెట్టుబడి బయటనుండి వచ్చెను. దానితో యజమానియు వచ్చెను. సంఘపు పుస్తకమున సభ్యుని పేరు. చెఱువుగట్టుమీద మఱియొకని కాపలా. అడంగలులో దున్నినవాడు మాయమైనట్లే, ఇచట హక్కుగలవాడు పేరై మిగిలెను.

1999లో అయిదడుగుల కాంటూరునకు లోబడిన 308 చదరపు కిలోమీటర్లను పక్షుల రక్షణకై అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందమునందు చేరెను. 2006లో చెఱువుగట్లను తెగగొట్టిరి. సరస్సు బ్రదుకవలెననుటలో సందేహము లేదు. అది పూడినచో ఉప్పుటేటికి నీరు పోవు త్రోవ చెడి యేలూరు పల్లమంతయు మునుగును. కాని ఆ గీతలోపల వేలకొలది యెకరముల జిరాయితీయు నుండెను. 2008లో శాసనసభ మూడవ కాంటూరునకు తగ్గింపుమని తీర్మానించెను. నిపుణులసంఘ మట్టి తగ్గింపునకు సమ్మతింపలేదు. ఈ వాదములన్నిటియందును కాంటూరు మాట వినబడినంతగా, ఏ గీతక్రింద నేయే కుటుంబములు ఎన్నితరములుగా నేమి చేయుచు బ్రదికినవను మాట వినబడలేదు. అట్టి గ్రామచరిత్ర మొక్కటి ముందుగనే వ్రాయబడి యుండినచో, నిజమైన లంకవాసి యెవ్వడో, వానిపేర చెఱువు త్రవ్వుకొన్నవా డెవ్వడో తేల్చుట యింత కష్టమై యుండెడిది కాదు. చరిత్రరచనయందలి లోప మెట్లు అన్యాయమునకు తోడ్పడునో చూపుట కింతకంటె దృష్టాంతము కావలెనా?

కైఫీయతు రాజుల యుద్దేశముతో వ్రాసినది, మాన్యువలు శిస్తు యుద్దేశముతో వ్రాసినది, వానిని మన కొలతతో కొలుచుట న్యాయమా యని కొందఱడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. బొఱ్ఱయ్యను మేము నిందించుట లేదు. ఆయన తన కాలమునకు మించినపనియే చేసెను. నింద మనది. 1949లోనే సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘికచరిత్రమును ప్రకటించి, రాజులనువిడిచి ప్రజలను చూడవలసిన త్రోవను చూపిరి. అటుపిమ్మట వ్రాయబడిన గ్రామచరిత్రములను తెఱచిచూడుడు. పురాణకాలపు పేరుతో ప్రారంభము, గుడికథ, జమీందారు, బడికి స్థలమిచ్చిన దాత, పెద్దపదవు లెక్కినవారి పట్టిక, విదేశములకు పోయినవారి పట్టిక. ఇది కైఫీయతే. కరణీకము 1984లో రద్దయ్యెను. కరణపు చూపు మాత్రము మన కలములయందు కొలువుతీరియే యున్నది.

ఆ చూపునకు కనబడనివారిలో స్త్రీలు ముఖ్యులు. ఈ డెల్టాలో ఆడుబిడ్డకు పసుపుకుంకుమల క్రింద పొలమిచ్చు వాడుక కలదు. ఆ పొలము లెందఱి చేతులలో నిలిచెను, ఎన్ని అల్లుని యప్పులకు పోయెను? 1986 నాటి చట్టసవరణ ఆంధ్రదేశమున కుమార్తెలకు కుమారులతో సమానముగ పిత్రార్జితమున హక్కిచ్చెను. ఆ తరువాత మన యూళ్ళ దస్త్రములలో నెందఱు కుమార్తెల పేళ్ళు చేరెను, ఎందఱచేత హక్కు వదలుకొన్నట్లు సంతకములు చేయించిరి? ఏ గ్రామచరిత్రకారుడైన దీనిని విచారించెనా? నాట్లు వేసినదియు, కలుపు తీసినదియు స్త్రీ, ఆమె పేరు సర్వేనంబరున లేదు, చరిత్రమునను లేదు.

కౌలుదారుల సంగతియు నట్టిదే. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చెను; దానిక్రింద పత్రము కావలెనన్న భూస్వామి సంతకము కావలెను. సంతకము పెట్టినచో పొలము పోవునేమో యని భూస్వామికి భయము. అడిగినచో కౌలు పోవునేమో యని కౌలుదారునకు భయము. ఈ రెండు భయముల నడుమ పంటనష్టపు పరిహారము పట్టాదారునింటికి పోవుచుండును. 2020లో మొదలైన రీసర్వేయు, 2022లో చేయబడి 2024లో రద్దయిన భూహక్కుల చట్టమును నేల యెవరిదను ప్రశ్ననే మరల లేవనెత్తినవి. దున్నువా డెవడను ప్రశ్న మాత్రము ప్రక్కననే నిలుచున్నది.

కావున గ్రామచరిత్రము వ్రాయబూను యువకులకు మేము చెప్పునది యిది. గుడిగోపురమునొద్ద ప్రారంభింపకుడు, పొలిమేరయొద్ద ప్రారంభింపుడు. మెరకయేది, పల్లమేది, ఏ వఱద కేది మునిగినదో వృద్ధుల నడిగి వ్రాయుడు. డైగ్లాటునుండి ప్రతి నంబరునకును తొలి పట్టాదారును వ్రాయుడు. ప్రక్కన నేటి పట్టాదారును వ్రాయుడు. ఆ ప్రక్కన, పేటకు పోయి విచారించి, నేల నెవరు దున్నిరో, ఎవరు కోసిరో, ఎంత కౌలునకో, ఎంత కూలికో వ్రాయుడు. బ్రదికియున్నవారు తమ పేరు వ్రాయవలదన్నచో నిర్బంధింపకుడు. గతించినవారి పేళ్ళనైన పోనీయకుడు. తాడేపల్లిగూడెములో రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానాశ్రయమునకై తీసికొనిన నేలలో నంతకుముందు పైరు పెట్టినవారెవరో యడుగుడు. కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి తీర్థమునకు వచ్చు వృద్ధురాండ్రను కూర్చుండబెట్టి, నీరు దిగిన యేట తమ తాత లెచట విత్తిరో యడుగుడు. వారిలో నేటేట కొందఱు తగ్గిపోవుచున్నారు.

రాగిరేకు చెట్టును జ్ఞాపకముంచుకొనెను. కవిలె మాన్యమును జ్ఞాపకముంచుకొనెను. డైగ్లాటు పట్టాను జ్ఞాపకముంచుకొనెను. దున్నినవానిని జ్ఞాపకముంచుకొను పుస్తకము మన యూళ్ళలో నింకను వ్రాయబడవలసియున్నది. దానిని వ్రాయుటకు రాజాజ్ఞ యక్కఱలేదు; దొర జీతమక్కఱలేదు. ఊరి యందలి యక్షరాస్యుడొకడు, ఒక నోటుపుస్తకము, పేటకు పోవుటకు సంకోచింపని కాళ్ళు నున్న చాలును.